తూనీగ నాలుగో పుస్తకం

ధాన్యం కొనే కేంద్రానికి లారీ రాని రోజు హమాలీకి కూలి ఉండదు, సెలవూ ఉండదు. ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అనుకుంటూ తూకం కాంటా పక్కన గోనెసంచుల మీద కూర్చుని కాచుకోవాలి. ఆ యేడు యాసంగి కోతలప్పుడు బాన్సువాడ దగ్గరి కేంద్రంలో అట్లా ఆరు రోజులు గడిచాయి. ఏడోనాడు దేవదాస్ లేచి, తువ్వాలు నెత్తికి చుట్టుకుని, నస్రుల్లాబాద్ అవతలి క్యాంపుకు పోయి వస్తాననీ, లారీ వస్తే ఫోను చేయమనీ తోటి హమాలీ జేత్యాతో చెప్పాడు.

జేత్యా బీడీ పక్కకు పెట్టి నవ్వాడు.

"మళ్ల గా బొమ్మల పుస్తకానికేనా అన్నా? అది దొరికేనాటికి నీ మోకాళ్లు మిగులుతయా?"

"మిగిలినంత మిగులుతయి తియ్" అన్నాడు దేవదాస్.

దేవదాస్‌కు నలభై ఒక్కేళ్లు. చూసినవాళ్లు యాభై అనుకుంటారు. పద్దెనిమిదో యేట బస్తా కింద భుజం పెట్టినవాడు ఇప్పటిదాకా తీయలేదని భార్య గీత అంటూ ఉంటుంది. అతను చుక్క ముట్టడు. పొద్దున లేచి తమ బంజారాల గురువు సేవాలాల్ మహరాజ్ పటానికి దండం పెట్టకుండా గడప దాటడు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి, సమ్మన్న సారు బొమ్మలు.

సమ్మన్న సారు ఇరవై యేళ్లు ఒక వారపత్రికలో కోతిపిల్లా కుమ్మరి తాతా అనే బొమ్మల కథ గీశాడు. దేవదాస్ దాన్ని మొదట చూసింది పిట్లంలో, మంగలి దుకాణంలో. ఐదో తరగతితో బడి ఆగిపోయినవాడికి అక్షరాలు మరిచిపోకుండా కాపాడింది ఆ కోతిపిల్లే. దుకాణం ఆసామి పాత పత్రికలు చించి కత్తి తుడుచుకునేవాడు. అయినా ఈ పిల్లవాడు వస్తాడని బొమ్మల పేజీ మాత్రం అద్దం వెనక దాచి ఉంచేవాడు. ఎవరూ అడగకుండానే చేసిన ఆ పని దేవదాస్ జన్మలో మరిచిపోలేదు.

ఆ సారు పట్నం పోయి పేరు తెచ్చుకోక ముందు ఇక్కడే బడిలో డ్రాయింగు మాస్టరు. అవి సారా కాంట్రాక్టు రోజులు. తండాల్లో మగవాళ్లు కూలి డబ్బంతా ప్యాకెట్లకే తగలేస్తుంటే చూడలేక, సారు గుట్టుగా సారా వద్దనే బొమ్మల పుస్తకాలు గీశాడు. పరీక్ష పేపర్లు తీసే బడి సైక్లోస్టైల్ యంత్రం మీద, ఆదివారాలు తలుపులు మూసుకుని తిప్పేవాడు. ఒక్కో పుస్తకానికి ఎనిమిది కాగితాలు, ఒక పక్కనే బొమ్మ, నలభై యాభై ప్రతులు. గడ్డిమోపుల్లో, గాజుల గంపల్లో పెట్టి చేతులు మార్చేవారు. సర్కారు కొలువు పోతుందనీ, కాంట్రాక్టరు మనుషులు కాళ్లు విరగ్గొడతారనీ సారు తన పేరు వేసుకోలేదు. పేజీ మూలన చిన్న తూనీగ బొమ్మ వేసేవాడు. అందుకే తెలిసినవాళ్లు వాటిని తూనీగ పుస్తకాలు అనేవారు. మొత్తం తొమ్మిది.

ఏడేళ్ల కింద దేవదాస్ వరంగల్ లారీ మీద హమాలీగా పోతూ దారిలో పట్నంలో దిగి, అడ్రసు వెతుక్కుని సారును కలిశాడు. సారుకు అప్పటికే చెయ్యి వణుకుతోంది. తండా పేరు చెప్పి, నాయన పేరు హేమ్లా అని చెప్పగానే ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాలుగో పుస్తకంల మీ నాయనను గీసిన బిడ్డా. ఎట్లున్నడో అట్లనే గీసిన" అన్నాడు. ఆ తర్వాత ముఖం పక్కకు తిప్పి, చాయ్ చల్లారిపోతోందని కూతురు సుజనను కేకేశాడు.

దేవదాస్‌కు నాలుగేళ్లప్పుడు నాయన పోయాడు. పచ్చకామెర్లని తల్లి పార్వతీబాయి చెప్పింది. నాయనకు ఫోటో లేదు. ముఖం ఎట్లా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. ఎవరో భుజం మీద ఎత్తుకుంటే గడ్డం గీరుకున్న మంట ఒక్కటే గుర్తు. ఆ మనిషి ముఖం లోకంలో ఒకేచోట, ఒక పుస్తకంలో ఉందని తెలిశాక అతనికి కుదురు లేకుండా పోయింది. ఆ రోజు పట్నంనుంచి వస్తూ లారీ మీద బస్తాల నడుమ పడుకుని ఆకాశంలోకి చూస్తూ, మా నాయన పుస్తకంలో ఉన్నాడని పదిసార్లు అనుకున్నాడు. సారాకు ఎదురు నిలబడ్డ మగాడిగానే ఉంటాడని తనకు తానే ఖాయం చేసుకున్నాడు.

అప్పటినుంచి లారీ రాని రోజల్లా తిరుగుడే. భజన మండలి హార్మోనియం పెట్టెలో అడుగున పరిచి ఉన్నది ఒకటి దొరికింది. మద్నూరు వైపు ఒక దర్జీ దగ్గర రెండు దొరికాయి, వాటి మీద ఎవరో మరాఠీలో ఏదో రాసుకున్నారు. ఇట్లా ఏడేళ్లలో ఎనిమిది పుస్తకాలు ఇంటికొచ్చాయి. డిగ్రీ చదువుతున్న కూతురు సంగీత వాటిని ఫోనులో ఫోటోలు తీసి సుజనకు పంపింది. సారు పోయి నాలుగేళ్లయింది. తండ్రి తొలినాటి బొమ్మలన్నీ ఒక పుస్తకంగా వేయాలని సుజన పూనుకుంది. తొమ్మిది కలిపి వేద్దామనీ, నాలుగోది దొరికేదాకా ఆగుతాననీ అన్నది. ఒక యేడు ఆగింది. ఇక ఈ నెలాఖరుకు ప్రెస్సుకు ఇచ్చేయాలి.

వింతేమిటంటే మిగతా పుస్తకాలు అక్కడొకటి ఇక్కడొకటి ఆనవాళ్లతోనైనా ఉన్నాయి. నాలుగోదాన్ని చూసినవాళ్లున్నారు కానీ, దాచుకున్నవాడు ఒక్కడూ లేడు. అడిగితే ముసలివాళ్లు ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెంటనే ఎండల గురించి మాట్లాడేవాళ్లు.

ఆటో దిగి క్యాంపు దాకా నడిచేసరికి దేవదాస్ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కాలువ నీళ్లను నమ్ముకుని గుంటూరు, కృష్ణా వైపునుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరది. సుబ్బరత్నమ్మ పెళ్లయిన కొత్తలో వచ్చింది, ఇప్పుడు డెబ్బై దాటాయి. పార్వతీబాయి బతికున్నంతకాలం నాట్లకూ కోతలకూ ఆమె పొలంలోకే వచ్చేది. రెండేళ్ల కింద పార్వతీబాయి పోయినప్పుడు ఈమె తండాకు వచ్చి, దినాలకని ఒక బస్తా బియ్యం ఆటోలోంచి దింపించి, అదే ఆటోలో వెళ్లిపోయింది.

ఆమె పంచలో గుంజకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. దేవదాస్‌ను చూసి చెయ్యి ఆపింది. ఎప్పుడూ కూర్చోమనే మనిషి ఈసారి అతని కాళ్ల వైపే చూసింది. ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఎందుకొచ్చావని ఆమె అడగలేదు. ఎందుకొచ్చాడో ఇద్దరికీ తెలుసు. నెలాఖరుకు పుస్తకం ప్రెస్సుకు పోతుందనీ, ఇదే ఆఖరి తిరుగుడనీ, ఇగ మళ్లీ రాననీ దేవదాస్ చెప్పాడు. దొరకకపోతే నాయన రాత అంతే అనుకుంటానన్నాడు.

సుబ్బరత్నమ్మ లోపలికెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. అతను తాగేదాకా ఆగింది. చాటలోని బియ్యం గిన్నెలోకి ఒంపి, ఖాళీ చాటను తిరగేసి మోకాళ్ల మీద పెట్టుకుంది.

"నాలుగుసార్లొచ్చావు దేవదాసూ. నాలుగుసార్లూ దీన్ని ఒళ్లో పెట్టుకునే లేదని చెప్పాను. నువ్వు పుస్తకం అడిగావు, పుస్తకం లేదన్నాను. అబద్ధం కాదు గానీ, నిజమూ కాదు."

దేవదాస్‌కు అర్థం కాలేదు. ఆమె చాట అడుగున చేత్తో తడిమింది. ఇటు పక్క ఊళ్లలో వెదురు చాట కొన్నాక ఉన్నది ఉన్నట్టు వాడరు. సందుల్లోంచి నూకలు కారిపోతాయని పాత కాగితాలు మెంతులతో కలిపి నానబెట్టి, రోట్లో దంచి, ఆ ముద్దతో చాటను అలుకుతారు. నున్నగా రావాలంటే పైన చించని కాగితాలు రెండు మూడు అంటిస్తారు. వేసవి వచ్చిందంటే పార్వతీబాయికి అదే పని. తండాలోనూ క్యాంపులోనూ ఆమె అలికినంత నున్నగా ఎవరూ అలికేవారు కాదు. దేవదాస్‌కు ఇదంతా తెలుసు. మెంతుల వాసన వస్తే ఇప్పటికీ తల్లే గుర్తొస్తుంది. కానీ ఏడేళ్లూ గడప గడపకు పోయి మగవాళ్లను నిలబెట్టి పుస్తకం ఉందా అని అడిగాడే తప్ప, వంటింటి గోడకు వేలాడే చాట వైపు ఒక్కనాడూ చూడలేదు.

సుబ్బరత్నమ్మ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. సారు మంచి మనసుతోనే గీశాడు. హేమ్లా తాగి కాలువ కట్ట మీద పడిపోయి ఉన్నప్పుడు దారిన పోతూ చూశాడు, ఇంటికి పోయి గీశాడు. పుస్తకం బయటికొచ్చాక బొమ్మలో ఉన్నది ఎవరో చూసిన ప్రతివాడికీ తెలిసిపోయింది. బొమ్మ కింద ఒక మాట ఉంది, ఇల్లు ఇంకా రెండు మైళ్లు అని. హేమ్లా కనబడితే చాలు, సారా దుకాణం దగ్గరివాళ్లు, తాము తాగుతూనే, రెండు మైళ్లోడా అని పిలవడం మొదలుపెట్టారు. పిల్లలూ అందుకున్నారు. అతను తాగుడు మానలేదు, మనుషుల్లోకి రావడం మానేశాడు. ఒంటరిగా కూర్చుని ఇంకా ఎక్కువ తాగాడు. ఏడాది తిరక్కుండానే కళ్లు పచ్చబడ్డాయి.

"నీకంటే ముందు మీ అమ్మ తిరిగిందయ్యా ఈ గడపలన్నీ" అంది సుబ్బరత్నమ్మ. "చాటలు ఊరికే అలుకుతాను, కాగితాలు మాత్రం ఆ పుస్తకంవే ఇవ్వండని అడిగింది. ఎవరింట్లో ఉన్నా తీసి ఇచ్చారు. నలభై పుస్తకాలుంటాయేమో, అన్నీ రోట్లో వేసి దంచింది. ఇదిగో, ఈ పంచలోనే."

"ఇది?" అన్నాడు దేవదాస్ చాట వైపు చూస్తూ.

"అది ఆఖరి పుస్తకం, అందులో చివరి మూడు కాగితాలు. రోకలి ఎత్తి అట్లాగే కూర్చుంది. వీటిని దంచబుద్ధి కావట్లేదమ్మా, బొమ్మ లోపలికి తిప్పి ఈ చాటకే అంటిస్తానంది. పిలగానికి చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది." ఆమె పైట కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ఒట్టు ఇవ్వాళ తప్పుతున్నాను. పైనున్న ఆవిడ నన్నేమన్నా అననీ. నిన్నిట్లా కాలీడ్చుకుంటూ తిరగనిచ్చి నేనింక కూర్చోలేను."

దేవదాస్ చాట అంచును వేలితో తడిమాడు. వద్దనే అనుకుంటే లేచి వెళ్లిపొమ్మని ఆమె అంది. చూస్తానంటే తడిపి తీస్తాననీ, కాగితం వస్తుందో, ముద్దై పోతుందో దేవుడికే తెలుసనీ అంది. ఒకసారి తడిపితే ఇక చాటా మిగలదు.

"చూస్తనమ్మా. ఎట్లున్నా నా నాయననే కదా" అన్నాడు.

ఆమె పాత పంచె ముక్క ఒకటి తడిపి చాట అడుగున పరిచింది. ఎండిపోతుంటే మళ్లీ నీళ్లు చిలకరించింది. సైక్లోస్టైల్ సిరా నూనె సిరా, నీళ్లకు కరగదని సంగీత ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి దేవదాస్ కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు. గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఆరు రోజుల ఎదురుచూపు, అంతకు ముందు రెండు నెలల బస్తాలు, ఇప్పుడు విన్న మాటలు అన్నీ కలిసి ఒంటి మీద పడ్డట్టుంది. ఏడవాలని ఉంది, దానికీ ఓపిక లేదు. కళ్లు మూతలు పడ్డాయి.

ఆమె లేపేసరికి నీడ పంచ మెట్టు దాటింది. తల కింద ఎవరో దిండు పెట్టి ఉన్నారు.

సుబ్బరత్నమ్మ బొటనవేలి గోరుతో ఒక మూల ఎత్తింది. మొదటి కాగితం ఎత్తీ ఎత్తగానే తడి అటుకుల్లా విడిపోయి వేళ్లకు అంటుకుంది. తల్లీ, నా చేతులు ముసలివైపోయాయని గొణుక్కుంటూ ఆమె ఆగింది. రెండోది సగం దాకా వచ్చి చినిగింది, దాని మీద సారా దుకాణం తడిక తప్ప ఏమీ మిగల్లేదు. మూడోదానికి ఇద్దరూ ఇంకా దగ్గరికి జరిగారు. ఆమె గోరుతో గీకుతూ పోతుంటే, దేవదాస్ చిటికెన వేలితో నీళ్లు ఒక్కో బొట్టే వేశాడు. మెంతుల వాసన ముప్పై ఏడేళ్ల తర్వాత కూడా సన్నగా లేచింది. కాగితం వచ్చింది. ఆమె దాన్ని అరచేతుల మీదే తిప్పి, స్టీలు పళ్లెంలో బొమ్మ పైకి ఉండేట్టు పరిచింది.

కాలువ కట్ట. మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. తలపాగా ఊడి పక్కన పాములా పడుంది. నోరు తెరిచి ఉంది, ముందు పన్ను ఒకటి లేదు. పిడికిట్లో ఖాళీ ప్యాకెట్టు ఇంకా వదల్లేదు. అతని తల ఒక ఆడమనిషి ఒళ్లో ఉంది. ఆమె తన ఓణీ కొసను రెండు చేతులతో పందిరిలా పట్టుకుని అతని ముఖానికి ఎండ తగలకుండా ఆపుతోంది. ఆమె మీద మాత్రం ఎండ పడుతోంది. ఆమె కళ్లు దారి వైపున్నాయి. కింద ఆ మాట. మూలన తూనీగ.

దేవదాస్ ముఖాన్ని చూశాడు. వెడల్పు నుదురు. గుబురు మీసం. గడ్డం రెండు మూడు రోజులు గీయనట్టు గరుకుగా, చిన్న చిన్న గీతలతో వేసి ఉంది. అతను మరీ దగ్గరగా వంగేసరికి సుబ్బరత్నమ్మ అతని భుజం పట్టుకుని, కాగితం మీద చెమట పడుతుందని వెనక్కి లాగింది.

పళ్లెంతో సహా తీసుకుపొమ్మంది. చాట పాడైందని దేవదాస్ బాధపడబోతే, బజారులో ప్లాస్టిక్కువి దొరుకుతున్నాయిలే, అవి అలకక్కర్లేదు కూడా అని కొట్టిపారేసింది.

తిరుగు ఆటోలో ఎనిమిది మంది ఉన్నారు. ఒళ్లో తడి కాగితం ఉన్న పళ్లెం చూసి డ్రైవరు ఏమిటని అడగలేదు. గాలికి లేస్తుందని ఆ పక్క పరదా దింపి కట్టాడు, బాన్సువాడ దాకా గుంతల దగ్గర మెల్లగా పోనిచ్చాడు. పక్కన కూర్చున్న పిట్లం ముసలమ్మ తన కూరగాయల సంచి కాళ్ల సందులో ఇరికించుకుని అతనికి చోటిచ్చింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. పళ్లెం నేల మీద పెట్టి, క్యాంపులో విన్నదంతా గీతకూ సంగీతకూ దాచకుండా చెప్పాడు. గీత తలవంచుకుని విన్నది. సంగీత పళ్లెం దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. పడిపోయిన తాత గురించి ఏమంటుందోనని దేవదాస్ భయపడ్డాడు.

"బాపూ, అవ్వ గింత పడుసుగ ఉండేనా?" అని అడిగింది. "నా అంత ఉన్నదేమో."

అవునన్నాడు. అప్పుడు పార్వతీబాయికి ఇరవై రెండో ఇరవై మూడో. ఆ మాట ఆ పిల్ల అడిగేదాకా అతనికీ తట్టలేదు.

సంగీత అలవాటుగా ఫోను తీసి, ఫోటో తీసి సుజన మేడంకు పంపనా అని అడిగింది. దేవదాస్ ఫోను తన చేతిలోకి తీసుకుని సుజనకు తానే కలిపాడు. అబద్ధం చెప్పడం అతనికి రాదు. నాలుగోది దొరికిందన్నాడు. అవతల ఆ అమ్మాయి సంతోషంగా ఏదో అంటుంటే ఆగమని, ఒక్క కాగితమే మిగిలిందనీ, అది ఇయ్యలేననీ చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు.

"మా యాడి నలభై ఇండ్లు తిరిగి ఆపింది సుజనమ్మా. నేను మళ్ల వెయ్యి పుస్తకాలేసి పంచలేను. సారు మీద నాకు కోపం లేదు. మిగతా ఎనిమిదీ నీయి, ఏసుకో."

నాలుగో పుస్తకం మాటెత్తితే నాన్న ఎప్పుడూ లేచి బయటికి వెళ్లిపోయేవాడని, ఎందుకో తనకు ఇప్పుడు తెలిసిందని సుజన అన్నది. ఎనిమిదే వేస్తామంది. నాలుగోది ఏదని ఎవరైనా అడిగితే, ఆ ఇంటివాళ్ల దగ్గర ఉందని చెబుతానంది.

"తిన్నవా అన్నా?" అని అడిగింది ఆఖరున.

తింటానని చెప్పి ఫోను పెట్టేశాడు గానీ, తినడానికి లేవలేదు. పళ్లెం పక్కనే గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఆరుతున్న కాగితం అంచులు ఫ్యాను గాలికి లేస్తున్నాయి. గీత చూసి ఫ్యాను ఆపింది. ఉక్కకు అతని మెడ మీద చెమట పడుతుంటే, సంగీత పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని పక్కన కూర్చుని, గాలి పళ్లెం వైపు పోకుండా మెల్లగా అతనికి విసరసాగింది.